ప్రసంగమా, ప్రకటనా, చాటింపా?

(ఒంగోలులో సాహిత్యాభిమానుల సమావేశంలో చేసిన ప్రసంగానికి రాతరూపం)

సభలోని పెద్దలకు, మిత్రులకు నమస్కారం. మతబోధను తెలుగులో ఏయే మాటలతో పిలుస్తున్నాం, ఆ మాటలు ఎక్కడి నుంచి వచ్చాయి అన్న విషయం మీద మాట్లాడమని నిర్వాహకులు కోరారు. మతాల మంచిచెడ్డల జోలికి నేను పోను. మాటల పుట్టుక, వాటి అర్థం మారిన తీరు, మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో వాటికి పట్టిన గతి, ఇంతవరకే నా విషయం.

ముందుగా జనం నోట ఏ మాట ఉందో చూద్దాం. ఆదివారం ఆరాధన ముగించుకుని వస్తున్నవారిని పలకరిస్తే ‘ఇవాళ పాస్టరుగారు వాక్యం బాగా చెప్పారు’ అంటారు. రామాలయం అరుగు మీద కూర్చున్నవారు ‘అయ్యవారు పురాణం చెబుతున్నారు’ అంటారు. హరికథ చెబుతారు, బుర్రకథ చెబుతారు, సోదె కూడా చెబుతారు. నోటి తెలుగుకు ఈ పనులన్నిటికీ ఒక్క ‘చెప్పు’ చాలింది. అదే మాట కరపత్రంలోకి ఎక్కేసరికి వేషం మారుతుంది. మూడు రాత్రులు పందిరి వేసి జరిపే ఉజ్జీవ కూటాల కరపత్రంలో ‘ప్రసంగీకులు’ అని పేరు పక్కన అచ్చవుతుంది, ‘దైవ వర్తమానం అందించెదరు’ అని కింద ఉంటుంది. ఆలయ ఆహ్వాన పత్రికలో ‘ప్రవచనం’ ఉంటుంది, మఠం వారి పత్రికలో ‘అనుగ్రహ భాషణం’ ఉంటుంది. ప్రసంగం, ప్రవచనం, ఉపదేశం, బోధ, సందేశం, ప్రకటన అనే ఈ సంస్కృత పదాలను మనం ఒకదానికి బదులు ఒకటి వాడేస్తున్నాం గాని, ఇవి పర్యాయపదాలు కావు. పైగా ఈ వరుసలో అందరికంటే ముందు కూర్చోవలసిన ఒక అచ్చతెలుగు మాటకు పీట వేయడం మరిచాం. ఆ మాట దగ్గరికి చివరకు వస్తాను.

ప్రసంగం అన్న మాటకు మూలం ‘సంజ్’ ధాతువు. పాణినీయ ధాతుపాఠం దానికి సంగం అనే అర్థం చెప్పింది, అంటే అంటుకోవడం, తగులుకోవడం. ఆసక్తి, ప్రసక్తి, ఆనుషంగికం, నిస్సంగుడు అన్నవన్నీ దాని నుంచి వచ్చినవే. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. పెన్న ఒడ్డున ఉన్న మన సంగం ఊరి పేరు తలచుకుని ఇదే సంగం కాబోలు అనుకునే అవకాశం ఉంది గాని, సంగమం, సంగతి, సాంగత్యం అనేవి ‘గమ్’ ధాతువు నుంచి, అంటే కలిసి నడవడం అనే భావం నుంచి వచ్చాయి. చూడటానికి అన్నదమ్ముల్లా ఉన్నా రెండింటి ఇంటిపేర్లు వేరు.

కాబట్టి ప్రసంగం అంటే మొదట మాట్లాడటం కాదు. ఒకదానికొకటి తగులుకుని ఉండటం, దాని నుంచి సందర్భం, అవకాశం, ఒక విషయం వచ్చి పడవలసిన చోటు. వ్యాకరణ శాస్త్రంలో దీనికి ఒక చక్కని ఉదాహరణ ఉంది. ‘షష్ఠీ స్థానేయోగా’ అనే పాణిని సూత్రానికి వృత్తి, అంటే వివరణ, రాస్తూ కాశికాకారులు (‘కాశిక’ అనే వ్యాఖ్య రాసినవారు), ‘స్థానం’ అన్న మాటకు ‘ప్రసంగం’ అని అర్థం చెప్పారు. యజ్ఞంలో దర్భల స్థానంలో శరాలు, అంటే రెల్లు, పరవాలి అన్నప్పుడు, దర్భలు పరచి ఉన్న జాగా అని కాదు, దర్భలు పరవవలసిన సందర్భం అని అర్థమట. దర్భలు ఇంకా రాలేదు, అయినా వాటి ప్రసంగం వచ్చింది. ఆ ప్రసంగంలోకి రెల్లు వస్తుంది. ఇంత సూక్ష్మమైన మాట ఇది.

తర్కంలో ఇది ఇంకో రూపం ఎత్తింది. ఎదుటివాడి వాదాన్ని ఒప్పుకున్నట్టే ఒప్పుకుని, దాని నుంచి అతడికే ఇష్టం లేని ఫలితం ఎలా తగులుకుంటుందో చూపడాన్ని ప్రసంగం అన్నారు. ఆచార్య నాగార్జునుడి మాధ్యమికం అనే బౌద్ధ దర్శనంలో బుద్ధపాలితుడు, చంద్రకీర్తి ఈ పద్ధతిని పట్టుకున్నారు, వారి శాఖకు ప్రాసంగికం అన్న పేరే స్థిరపడింది. అర్థం హద్దు దాటి తగలకూడని చోట కూడా తగిలితే శాస్త్రకారులు అతిప్రసంగం అంటారు. మన ఇళ్లలో నోరు జారిన పిల్లవాడిని ‘అధిక ప్రసంగం చేయకు’ అని గదమాయించే పెద్దలు, తెలియకుండానే తర్కశాస్త్రపు నీడలో నిలబడి మాట్లాడుతున్నారు.

ఈ సందర్భం అనే అర్థం నుంచి మాట అనే అర్థం పుట్టడం సహజంగానే జరిగింది. ‘కథా ప్రసంగంలో’ అంటే కథ నడుస్తున్న సందర్భంలో అని. మెల్లగా ఆ కథే, ఆ మాటే ప్రసంగం అయింది. కన్నడిగులు యక్షగానంలో ఆడే కథకు ఇప్పటికీ ప్రసంగం అనే అంటారు. తెలుగులో మాత్రం అది సభలో ఒకరు నిలబడి, మిగిలినవారు కూర్చుని వినే మాటగా బిగుసుకుపోయింది. పాత అర్థం పూర్తిగా చావలేదు, ‘ప్రసంగవశాత్తు’ అన్నప్పుడు, ‘ఆ ప్రసక్తి ఇప్పుడెందుకు’ అన్నప్పుడు తల ఎత్తుతూనే ఉంటుంది. నా అభిప్రాయంలో సందర్భానికి తగులుకోని ఉపన్యాసాన్ని ప్రసంగం అనడమే తప్పు. దాన్ని అప్రస్తుతం అనాలి.

క్రైస్తవ బోధకు ఈ మాట తెలుగులో గట్టిగా పట్టుకుంది. మత్తయి సువార్త అయిదు, ఆరు, ఏడు అధ్యాయాలను మనం కొండమీది ప్రసంగం అంటాం. పాత నిబంధనలో ఒక గ్రంథానికి ‘ప్రసంగి’ అని పేరే పెట్టారు. ఈ పేరు మీద కాసేపు ఆగడం అవసరం. హెబ్రీలో ఆ పేరు కోహెలెత్. ‘కాహాల్’ అంటే కూడిన జనం, సమాజం. కోహెలెత్ అంటే ఆ సమాజాన్ని కూర్చేవాడు. మాట్లాడటం అన్న అర్థం ఆ ధాతువులో లేదు. గ్రీకులోకి మార్చినవారు సభను చెప్పే ‘ఎక్లేసియ’ నుంచి ‘ఎక్లేసియస్తేస్’ అని చేశారు, లూథర్ జర్మనులో బోధకుడు అని అర్థం వచ్చే ‘ప్రెడిగర్’ను వాడాడు, ఇంగ్లీషువారు ఆ దారినే ‘ప్రీచర్’ అన్నారు, తెలుగువారు ప్రసంగి అన్నారు. జనాన్ని కూడగట్టేవాడు ఇన్ని చేతులు మారేసరికి జనంతో మాట్లాడేవాడయ్యాడు. సంస్కృతంలో ప్రసంగి అంటే తగులుకున్నవాడు, విషయాసక్తి గలవాడు అని కూడా వస్తుంది. ‘వ్యర్థము వ్యర్థము, సమస్తము వ్యర్థమే’ అని మొదలుపెట్టే పుస్తకానికి తగులం గలవాడు అన్న పేరు పడటం ఎవరూ ఉద్దేశించినది కాదు గాని, పుస్తకం చదివితే ఆ పేరు నప్పుతుంది కూడా. ఆ పుస్తకంలో మాట్లాడే రాజుకు ప్రపంచంలో చేయి పెట్టని పని లేదు, ఆ తర్వాతే వ్యర్థం అన్నాడు.

పడమటి భాషల్లో సెర్మన్ అన్న మాట లాటిన్ ‘సెర్మో’ నుంచి వచ్చింది. సెర్మో అంటే మొదట్లో ఇద్దరి మధ్య సంభాషణ. దాన్ని చాలామంది ‘సెరెరె’ అనే క్రియతో, అంటే వరుసగా కూర్చడం అనే భావంతో ముడిపెడతారు. గ్రీకులో ‘హోమిలియ’ అన్న మాట కూడా అటువంటిదే. కలిసి ఉండటం, కలిసి మాట్లాడుకోవడం అని దాని అర్థం. లూకా సువార్త చివర ఎమ్మాయు దారిలో ఇద్దరు శిష్యులు నడుస్తూ ఒకరితో ఒకరు సంభాషించుకున్నారని ఉన్నచోట గ్రీకులో ఈ క్రియే ఉంది. ‘దుష్టసాంగత్యము మంచి నడవడిని చెరుపును’ అని కొరింథీయుల పత్రికలో ఉన్నచోట సాంగత్యం అని తెలుగు చేసినది కూడా ఈ హోమిలియనే. దారిలో ఇద్దరి మాటలు, చెడు స్నేహాలు, రెండూ ఒకే మాట కిందికి వచ్చాయి. తర్వాత ఆ పేరుతోనే బోధకులకు నేర్పే హోమిలెటిక్స్ అనే శాస్త్రం పుట్టింది. సంజ్ ధాతువు నుంచి వచ్చిన మన ప్రసంగంలో, లాటిన్ సెర్మోలో, గ్రీకు హోమిలియలో కలయిక అనే భావం ఉంది. వేదిక ఎక్కడం అనే భావం దేనిలోనూ లేదు.

ఇక ప్రీచ్ అన్న మాట. ఇది మన ఉపదేశానికి దూరపు చుట్టం అంటే మీకు వింతగా ఉండవచ్చు. లాటిన్‌లో ‘ప్రైదికారె’ అంటే జనం ఎదుట ప్రకటించడం. అది పాత ఫ్రెంచిలో నలిగి ఇంగ్లీషులో ప్రీచ్ అయింది. అందులోని ‘దికారె’ ఏ ఇండో-యూరోపియన్ ధాతువు నుంచి వచ్చిందో, సంస్కృతంలోని ‘దిశ్’ కూడా దాని నుంచే వచ్చింది. చూపడం, వేలు పెట్టి చూపించడం ఆ ధాతువు అర్థం. దిక్కు అంటే చూపినవైపు, దేశం అంటే చూపిన చోటు, దేశికుడు అంటే దారి చూపేవాడు. ఆదేశం, నిర్దేశం, ఉద్దేశం, సందేశం అన్నీ దాని నుంచి వచ్చినవే. బుద్ధుడి మాటలను పాలీలో దేశన అన్నారు. గుండ్లకమ్మ ఒడ్డున చందవరం స్తూపం చుట్టూ కూర్చున్న భిక్షువులు విన్నది ధమ్మదేశన. కూటాల్లో ‘ఈ రాత్రి సందేశం’ అని మైకులో చెప్పే పెద్దమనిషి నోట, ఇంగ్లీషు ప్రీచ్‌లో, చందవరం దేశనలో ఒకే ధాతువు పలుకుతోంది.

ఒకే ధాతువు అయినా పని ఒకటి కాదు. ఉపదేశంలో ‘ఉప’ ఉంది, అంటే దగ్గరగా. గురువు శిష్యుణ్ణి దగ్గర కూర్చోబెట్టుకుని, తల మీద గుడ్డ కప్పి, చెవిలో చెప్పేది ఉపదేశం. ప్రైదికారెలో ‘ప్రై’ ఉంది, అంటే ఎదుట, ముందర. పదిమందిలో నిలబడి అరిచి చెప్పేది అది. ఉపసర్గ మారితే గుసగుస కేక అవుతుంది. ఈ రెండింటికీ మధ్య ఉన్న గోడను ఒక్క క్షణంలో దాటిన కథ వైష్ణవ సంప్రదాయంలో ఉంది. తిరుక్కోష్టియూరు నంబి దగ్గర ఎన్నోసార్లు తిరిగి, ఎవరికీ చెప్పనని మాట ఇచ్చి రహస్యార్థం ఉపదేశం పొందిన రామానుజులవారు, ఆలయ గోపురం ఎక్కి దాన్ని అందరికీ వినపడేట్టు చెప్పారని గురుపరంపర కథనం. చెవిలో పడ్డది గోపురం మీది నుంచి వినిపించింది. ఆ నిమిషంలో ఉపదేశం కాస్తా ప్రకటన అయింది.

కొత్త నిబంధనలో బోధించడానికి ఎక్కువగా కనిపించే గ్రీకు క్రియల్లో ‘కేరుస్సో’ ఒకటి. తెలుగు బైబిలు దీన్ని చాలా చోట్ల ప్రకటించు అని తెలుగు చేసింది. ‘ప్రకటించువాడు లేకుండ వారెట్లు విందురు’ అని రోమీయుల పత్రికలో ఉన్నది అదే. ప్రకటం అంటే బయటపడ్డది, స్పష్టంగా కనిపించేది. అరబీ నుంచి ఉర్దూలోకి వచ్చి మన ఊరి ఇజ్తెమాల్లో, అంటే ముస్లింల మతసభల్లో, వినిపించే ‘బయాన్’కు కూడా స్పష్టం చేయడమనే అర్థమే. ఇది మంచి మాటే, కాదనను. కాని కేరుస్సో ధాతువులో కనిపించడం లేదు, వినిపించడం ఉంది. అది ‘కేరుక్స్’ అనే ఉద్యోగి పేరు నుంచి వచ్చిన క్రియ. కేరుక్స్ అంటే రాజుగారి మాటను చేతికర్ర పట్టుకుని వీధిలోకి తెచ్చి, గొంతెత్తి వినిపించేవాడు. యుద్ధంలో కూడా అతని మీద చేయి చేసుకోకూడదు. తన సొంత కవిత్వం కలపడానికి వీల్లేదు, తగ్గించడానికీ వీల్లేదు. చెప్పించినది ఎవరో, చెప్పమన్నది ఏమిటో, అంతే.

ఈ ఉద్యోగి మనకు తెలియనివాడా? తప్పెట మీద నాలుగు దెబ్బలు వేసి, వీధి మలుపులో నిలబడి, ‘ఇందుమూలంగా యావన్మంది ప్రజలకు తెలియజేయడమేమనగా’ అని మొదలుపెట్టి, శిస్తు కట్టవలసిన గడువో, చెరువు తూము తీసే రోజో, జాతర ముహూర్తమో చెప్పి, మళ్లీ నాలుగు దెబ్బలు వేసి పక్క వీధికి పోయినవాడు అచ్చంగా కేరుక్సే. ఆ పనికి మనం చాటింపు అన్నాం, దండోరా అన్నాం, కొన్ని చోట్ల టముకు వేయడం అన్నాం. నేను మొదట పీట వేయలేదని చెప్పిన మాట ఇది: చాటు. సువార్తను చాటడం అని పాటల్లో, కీర్తనల్లో అక్కడక్కడా ఉంది గాని, ‘ప్రకటన’కు దొరికిన గౌరవం దానికి దొరకలేదు. కారణం ఊహించడం కష్టం కాదు. ఎక్కువ ఊళ్లలో తప్పెట కొట్టి చాటింపు వేసే పని దళిత కుటుంబాలకు వెట్టిగా వచ్చింది. ఆ పనిని చిన్నచూపు చూసిన ఊరు ఆ మాటనూ చిన్నచూపు చూసింది. లేఖనానికి తగిన గాంభీర్యం సంస్కృతంలోనే ఉందని ఆనాటి పండితులు నమ్మారు, బైబిలును తెలుగు చేయించిన దొరలు వారి మాట విన్నారు.

చాటింపుకు ధర్మబోధతో సంబంధం కొత్తదేమీ కాదు. అశోకుడి నాలుగవ శిలాశాసనంలో భేరీఘోష ఇప్పుడు ధర్మఘోష అయింది అన్న మాట ఉంది. ఆ శాసనాల ప్రతి కర్నూలు జిల్లా ఎర్రగుడిలో బండల మీద చెక్కి ఉంది. యుద్ధానికి మోగిన నగారాయే ధర్మాన్ని చాటుతోందని చక్రవర్తి చెప్పుకున్నప్పుడు తప్పెటకు తక్కువ కాలేదు.

మన జిల్లాల చరిత్రలో ఈ విషయం మరీ స్పష్టంగా కనబడుతుంది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1840లో నెల్లూరు వచ్చాడు. 1849లో లైమన్ జ్యూయెట్ వచ్చాడు, తెలుగు బైబిలు సవరణలో పాల్గొన్నవాడు ఆయన. పాతికేళ్లు గడిచినా సంఘంలో చేరినవారు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. అప్పటివరకు వారు చేసింది బజారు ప్రసంగమే. సంత మధ్య నిలబడి, దారిన పోయేవారిని ఆపి మాట్లాడటం. 1866లో మాదిగ కులస్థుడైన యెర్రగుంట్ల పేరయ్యగారు, ఆయన భార్య నాగమ్మగారు బాప్తిస్మం పొందారు. పేరయ్యగారు అంతకుముందే రాజయోగ గురుసంప్రదాయంలో ఉపదేశం పొందినవారు, శిష్యులు ఉన్నవారు. చెవిలో చెప్పే సంప్రదాయంలో పెరిగిన మనిషి, చాటింపు వేసే వాడల మధ్య బతికిన మనిషి. ఈ రెండూ తెలిసిన పేరయ్యగారు ఊరూరా తిరిగి చెప్పడం మొదలుపెట్టిన తర్వాతే కదలిక వచ్చింది. 1867 జనవరి 1న ఒంగోలులో ఎనిమిది మందితో సంఘం ఏర్పడింది.

1876 నుంచి 1878 దాకా కరువు. ఒంగోలు మిషనరీ జాన్ క్లఫ్ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం పనిని కాంట్రాక్టుకు తీసుకున్నాడు. బోధకులే మేస్త్రీలయ్యారు. పగలు గంపలు మోసినవారు పొద్దుగూకాక, లేదా మధ్యాహ్నం విరామంలో, వారి చుట్టూ చేరేవారు. అక్కడ తాను మళ్లీ మళ్లీ చెప్పిన వాక్యం ‘ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా, నా యొద్దకు రండి’ అన్నదని క్లఫ్ తన జీవితకథనంలో చెప్పుకున్నాడు. నెత్తిన మట్టిగంప మోసి వచ్చి కూర్చున్నవాడికి భారం అంటే ఏమిటో వేరే వ్యాఖ్యానం అక్కరలేదు. కాశికాకారులు దర్భల గురించి చెప్పిన ప్రసంగం ఇది, ఆ మాట వచ్చి పడవలసిన చోటులోనే పడింది. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్క రోజున 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఇచ్చినది దొర కాదు. ఆరుగురు తెలుగు బోధకులు, ఒక్కొక్కసారి ఇద్దరు చొప్పున నీళ్లలో దిగి, అలసినప్పుడు మరో ఇద్దరికి వదిలి, ఆ పని ముగించారు. ఆ ఏడాది చివరికి మొత్తం 9,606 మంది అయ్యారు. కరువులో కూడు కోసం చేరారని అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటారు; ఆ ఆరోపణ రాకుండా ఉండటానికే కరువు పనులు నడిచినంత కాలం క్లఫ్ బాప్తిస్మాలు ఆపాడు. నా విషయానికి కావలసింది మరొకటి. తరతరాలుగా కరణం, మునసబు చెప్పించిన మాటను చాటిన వాడల నుంచే ఈ ప్రకటించువారు వచ్చారు. తప్పెట పట్టని చేత్తో, ఎవరి ఆజ్ఞా లేని మాటను, ఊరి నడివీధిలో నిలబడి చెప్పారు. దాన్ని ప్రకటన అంటే అందులో ఈ చరిత్ర వినపడదు. చాటడం అంటే వినపడుతుంది.

బోధకులకు చదువు చెప్పడానికి 1872లో రామాయపట్నంలో క్రైస్తవ వేదాంత పాఠశాల పెట్టారు. సముద్రపు ఒడ్డున ఉన్న ఆ ఊరు అప్పటి నెల్లూరు జిల్లాది, తర్వాత ప్రకాశం జిల్లాలోకి వచ్చింది, 2022 పునర్విభజనలో గుడ్లూరు మండలంతో పాటు తిరిగి నెల్లూరులో కలిసింది. ప్రసంగానికి అంశం ఎత్తుకోవడం, దాన్ని మూడు భాగాలు చేయడం, ఉపసంహారం చెప్పడం వంటి పద్ధతులు ఇటువంటి పాఠశాలల్లోనే మన బోధకులకు అబ్బాయి. చాటేవాడు ప్రసంగీకుడు అయింది అక్కడ. మంచికో చెడుకో, పందిట్లో రాత్రి పన్నెండింటి దాకా సాగే ప్రసంగానికి పునాది అక్కడ పడింది.

ఇంకొక్క మాట. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలు కొండ మీద ప్రార్థన చేసినవారిలో జ్యూయెట్ దంపతులతో పాటు రూతు, నెల్లూరు జూలియా అనే ఇద్దరు తెలుగు స్త్రీలు ఉన్నారు. ఆ కొండను ప్రార్థన కొండ అంటున్నాం. అటువంటి స్త్రీలు తర్వాత ‘బైబిలు స్త్రీలు’ అన్న పేరుతో ఇల్లిల్లూ తిరిగారు. పంచలో చాప మీద కూర్చుని, బియ్యం ఏరుతున్న ఇల్లాలితో పాటు తామూ నాలుగు గింజలు ఏరుతూ, ఒక పాట పాడి, ఒక కథ చెప్పి లేచేవారు. మిషన్ లెక్కల్లో బోధకులు ఒక వరుస, బైబిలు స్త్రీలు వేరే వరుస. వారు చేసినదాన్ని ప్రసంగం అని గాని, ప్రకటన అని గాని ఎవరూ రాయలేదు. గ్రీకు హోమిలియకు మొదటి అర్థం ఏదో అదే పని వారు చేశారు, కాబట్టి మన జిల్లాల్లో ప్రసంగ చరిత్ర ఎవరైనా రాయదలిస్తే, పందిళ్ల నుంచి కాక ఆ పంచల నుంచి మొదలుపెట్టాలని నా మనవి. నమస్కారం.